వస్త్రమునకు సోకు అపవాదము
(మహాసభ రెండవ దినమున చదువబడిన ఉపన్యాసము)



 మాకన్న విద్యావంతులును వయోవృద్ధులును ఈ పందిటిలో పెక్కురు గలరు. విద్యాభివృద్ధిని గూర్చియు, సహకారసంఘములను గూర్చియు, ముడిపట్టు ధరను గూర్చియు వారు నిన్ననే చక్కగా సెలవిచ్చియున్నారు. మేము మగ్గపు గుంటలో కాళ్లు పెట్టి పెరిగినవారము. మాకు తెలిసినది బట్ట యొక్కటే. కావున బట్టను గూర్చియే మాట్లాడుదుము. అయితే దాని నేతను గూర్చి గాక, దానికి పట్టు మరకను గూర్చి. చాకిరేవున పోవు మరకను గూర్చి గాదు. ఏ సవుటికిని, ఏ సబ్బునకును లొంగని మరక యొకటి గలదు. దానికి అపవాదమని పేరు.

ఈ విషయము మాకు తోచుటకు కారణము మా యింట జరిగిన స్వల్పమైన యొక ముచ్చట. మా మేనల్లు డొకడు బెంగుళూరున ఉద్యోగము చేయుచున్నాడు. సంక్రాంతికి కార్యాలయమువారు అందరును తమతమ దేశాచారము చొప్పున దుస్తులు ధరించి రావలసినదని కోరిరట. మేము నేసి యిచ్చిన జరీయంచు పంచెయు, తెల్లచొక్కాయును తొడుగుకొని అతడు సంతోషముగా వెడలినాడు. తోడి యుద్యోగులు చూచి, "ఏమోయ్, బాంబులు సంచిలో నున్నవా? వెనుక సుమోలెన్ని వచ్చుచున్నవి?" అని నవ్విరట. వారిది వేళాకోళమే, ద్వేషము గాదు. కాని నాటి సాయంకాలము వరకును అతనిని ఊరి పేరుతో గాక కక్షల పేరుతోనే పిలిచిరట. మరుసటి మాసమున ఇంటికి వచ్చినప్పుడు పంచెను మడిచి మా చేతికిచ్చి, "మామా, ఇది మీ యొద్దనే యుండనిమ్ము. నాకు వద్దు" అనెను.

మొదట మాకు కోపము వచ్చినది. తాతముత్తాతలు కట్టిన బట్టకు సిగ్గుపడుదువా యని మందలించితిమి. అతడు బదులు చెప్పలేదు. రాత్రి నిదురపట్టక ఆలోచింపగా, తప్పు పిల్లవానిది గాదనియు, పంచెది అంతకన్నను గాదనియు మాకు తెలిసినది. తాటిచెట్టు క్రింద పాలు త్రాగినను కల్లే యందురు. పాలకు చెట్టువలన వచ్చిన అపకీర్తి యది. ఇంగువ కట్టిన గుడ్డకు ఇంగువ పోయినను వాసన పోదు. ఒకనిపై లేనిపోని నింద మోపుటను గుడ్డకాల్చి మీదవేయుట యని మన పెద్దలనిరి. ఈ మూడు మాటలలోను మా యుపన్యాసమంతయు నిమిడియున్నది. మూడింట రెండు గుడ్డను గూర్చినవే యగుట మనము గమనింపదగినది.

ఆ తెల్లపంచె చరిత్రమునే ముందుగా చూతము. 1921వ సంవత్సరమున మధురలో మహాత్మాగాంధి తన దుస్తులను విడిచి కొల్లాయి ధరించెను. అప్పటినుండి తెల్లని ఖద్దరు త్యాగమునకు చిహ్నమైనది. మన పల్లెలలో దానిని కట్టినవానికి జనులు లేచి నమస్కరించిరి. స్వరాజ్యము వచ్చిన పిమ్మట ఆ వస్త్రమే అధికారమునకు చిహ్నమైనది. అటుపై 1999లో సమరసింహారెడ్డి, 2001లో నరసింహనాయుడు, 2002లో ఇంద్ర యను చలనచిత్రములు వచ్చినవి. అవి మిక్కిలి జనాదరణము పొందగా, వాని వరవడిని మరికొన్ని వెలువడినవి. వానిలో రాయలసీమ యనగా ఎఱ్ఱని నేల, తెల్లని పంచె, చేతిలో వేటకొడవలి. మన సీమలో కక్షలు లేవని మేమనము. అవి యుండెను, వానివలన విధవలైన వారు మన కులమునందును, ఇతర కులములందును గలరు. కాని ఈ మెట్టసీమలో తెల్లపంచె కట్టినవారిలో నూటికి తొంబదితొమ్మండుగురు కొడవలి పట్టినది వేరుసెనగ చేనిగట్టున గడ్డి కోయుటకే. ఒకని పాపము నూరుగురి బట్టకు పూయబడినది. త్యాగముచే కీర్తి గడించిన వస్త్రము, నేసినవాని తప్పును గట్టినవాని తప్పును లేకయే, ఒక్క తరములో నవ్వులపాలైనది.

గళ్ల లుంగీ గతియు నిట్టిదే. గడి యనునది అద్దకముచే వచ్చునది గాదు. పడుగున ఇన్ని పోగులు ఒక రంగు, ఇన్ని పోగులు వేరొక రంగు అని లెక్కించి, పేకయందును ఆ లెక్కనే పాటించి నాడె నాడించినప్పుడు గడి కుదురును. ఒక్క పోగు తప్పినను కంటికి తెలియును. ఇంత లెక్కతో కూడిన నేత, తెరపై ఎప్పుడును అల్లరిమూకకే తొడుగబడుటచే, పెద్దమనుష్యుల యిండ్లలో వీధిగడప దాటరాని బట్టయైనది. 1985లో కేంద్రప్రభుత్వము చేసిన చేనేత కేటాయింపు చట్టమున లుంగీయును, పంచెయును, చీరయును మగ్గమునకే ప్రత్యేకింపబడినవి. చట్టము మరమగ్గముల నుండి రక్షింపజూచెను. కాని కట్టువాడు సిగ్గుపడినచో ఏ చట్టము రక్షింపగలదు?

అపవాదము ఒక్క తెరనుండియే వచ్చునని తలపరాదు. దానికి నాలుగు త్రోవలు గలవు. ఒకటి ఆచారము, రెండవది వర్తకుల స్వార్థము, మూడవది దుర్జనుల స్వీకారము, నాలుగవది గొప్పవారి చిన్నచూపు. కథలును చిత్రములును ఈ నాల్గింటికిని వాహనములు మాత్రమే.

ఆచారమును చూతము. మన యింట పెండ్లికి తెల్లచీర తెమ్మన్నచో ఎవరును తేరు. వైధవ్యమునకు దానిని ముడిపెట్టితిమి. కాని తెల్లని బట్టకు బంగారుటంచు వేసినచో కేరళదేశమున అదియే శుభవస్త్రము; ఓణమునాడు ముత్తయిదువలు దానినే కట్టుదురు. నలుపు మనకు పనికిరాదు. మహారాష్ట్రమున మకరసంక్రాంతికి నల్లచీరయే కోరి కట్టుదురు. రంగునందే దోషమున్నచో హద్దు దాటగనే అది పోవుటెట్లు? దోషము రంగులో లేదు, మనము దానితో కట్టిపెట్టిన జ్ఞాపకములో నున్నది.

ఇక వర్తకుల స్వార్థము. కోరమాండలు తీరపు అద్దకపు వస్త్రములు, మన మచిలీపట్టణపు కలంకారీ వానిలోనిదే, పదునేడవ శతాబ్దమున ఐరోపాలో విశేషముగా చెల్లుబడియైనవి. ఫ్రాన్సువారు 1686లోను, ఆంగ్లేయులు 1700లోను వానిని నిషేధింప మొదలిడిరి. అంతటితో ఆగక 1719లో లండను నగరపు నేతగాండ్రు వీధులలో తిరిగి, అట్టి బట్టలు తొడిగిన స్త్రీల మీదపడి వానిని చించిరి. ఆ వస్త్రములు ధరించుట దేశద్రోహమనియు, కులీనలకు తగనిదనియు ప్రచారము చేసిరి. 1721లో ధరించుటయు నేరమని శాసనమైనది. 1774 వరకును అది తొలగలేదు. సోదరులారా! మన బట్టకు మసిపూసిన యా చేతులు సాటి నేతగాండ్రవే. వారి మగ్గములు ఆగిపోయినవి, వారి పిల్లలు ఆకలిగొనిరి, అది నిజము. కాని వారు తమ ఆకలికి కారణమును వెదకుటకు మారుగా దారినపోవు స్త్రీ బట్టను పట్టుకొనిరి. ఆకలి మనిషిచేత ఎట్టి పని చేయించునో నేతకులమున బుట్టిన మనకు వేరుగ చెప్పబనిలేదు.

మూడవది దుర్జనుల స్వీకారము. దీనికి స్వస్తికమును మించిన దృష్టాంతము లేదు. మన గడపలపైనను, పెండ్లిపీటలపైనను, చీరయంచులపైనను స్వస్తికము వేయుట ఎన్నటినుండియో గలదు. 1920లో జర్మనీదేశపు నాజీకక్షి దానివంటి గుఱుతును తన జెండాపై నిలిపెను. 1935 నాటికి అది ఆ దేశపు జెండాయే యైనది. దాని నీడలో అరువది లక్షల యూదులు సంహరింపబడిరి. అమెరికాఖండపు ఆదివాసులైన నవాహో జనులు మనవలెనే నేతగాండ్రు; వారి కంబళ్లపై సైతము ఆ గుఱుతు పూర్వమునుండి యుండెను. 1940 ఫిబ్రవరిలో నవాహో, హోపీ, అపాచీ, పాపగో తెగల ప్రతినిధులు కూడి, తమ పెద్దలనాటి స్నేహచిహ్నము పరులచే మలినమైనది గనుక ఇకమీదట కంబళ్లపైనను బుట్టలపైనను దానిని వేయమని వ్రాతమూలముగా తీర్మానించుకొనిరి. తాము చేయని పాపమునకు తమ సొత్తును వదలుకొనిన యా నేతగాండ్రను తలచుకొన్నప్పుడు మాకు గౌరవమును దుఃఖమును ఒక్కసారిగా కలుగును.

దీనికి మారుమార్గమును గలదు. 2022లో అమెరికాలోని కాలిఫోర్నియా రాష్ట్రము ద్వేషచిహ్నములను శిక్షించు చట్టమును సవరించుచు, నాజీల గుఱుతు వేరు, హిందూ బౌద్ధ జైనుల స్వస్తికము వేరు అని స్పష్టముగా వ్రాసినది. అచ్చట నివసించు మన తెలుగువారికి ఇది ఊరట. అయినను మేమొక మాట చెప్పుదుము. ప్రక్కయింటి యూదువృద్ధురాలు ఆ గుఱుతును చూచి గడగడలాడినచో, చట్టము మన పక్షమున నున్నదని తలుపు మూసికొనుట ధర్మము గాదు. వెళ్లి, కూర్చుండి, మన కథను చెప్పి, ఆమె కథను వినవలెను. మరక పోవుటకు ఆ మాటలే నీరు.

సంస్థలు సైతము ఈ యిబ్బందిని పడినవి. ఆంగ్లదేశపు టెన్నిసు వీరుని పేర వెలసిన ఫ్రెడ్ పెర్రీ సంస్థవారి నలుపుపై పసుపు చారల చొక్కాయను అమెరికాలోని ప్రౌడ్ బాయ్స్ అను తీవ్రవాద ముఠా తన వేషముగా చేసికొనగా, అమెరికా, కెనడా దేశములలో ఆ చొక్కా అమ్మకమునే నిలిపివేసినట్లు 2020లో ఆ సంస్థ ప్రకటించెను. పెద్ద సంస్థకు ఒక రంగు పోయినను వేయి రంగులుండును. ఒకే మగ్గము, ఒకే పడుగు గల మనవానికి ఒక రంగు పోయినచో ఆ నెల గింజలే పోవును. భేదమది.

ఈ కాలపు బట్ట మనకెంత ముఖ్యమో పోషక మహాశయులకు ఒక్కమాటలో మనవిచేయుదుము. ఈ పీఠభూమిపై సంవత్సరమునకు కురియు వాన సుమారు 550 మిల్లీమీటర్లు. వాన లేనిచో వేరుసెనగ లేదు. వేరుసెనగ లేనిచో పెండ్లి వాయిదా. పెండ్లి వాయిదాపడినచో ధర్మవరపు చీర అంగటిలోనే మడతలో నుండును. గుంటమగ్గము వాననీటితో నడువదు గాని, వాన చూచియే నడచును. ఇట్టి యెడ కరవునకు తోడు అపకీర్తియు వచ్చినచో తాళుట యెట్లు? ధర్మవరపు చీరలకును పావడలకును భౌగోళికపు గుర్తింపు లభించియున్నది. అది గొప్ప రక్ష. అయినను కృత్రిమపు నూలును కలిపి, మరమగ్గముపై దింపి, ధర్మవరమని పేరు పెట్టి అమ్మువారు మనలోనే కొందరు లేకపోలేదు. పరులు మసిపూసిన కడుగుకొనవచ్చును. మన చేతితో మనమే పూసికొన్నది కడుగ నెవరు వత్తురు?

ఇక నాలుగవది, గొప్పవారి చిన్నచూపు. దీనిని చెప్పుటకు మాకు నోరు రాకున్నది, ఏలయన ఇందు దోషులము మేమే. కొన్నేండ్ల క్రిందట మన బంధువుల పెండ్లిలో ఒక బాలిక అద్దములు కుట్టిన రవికె తొడిగి వచ్చెను. బెంగుళూరులో మంచి ధర యిచ్చి కొన్నదట. పందిటిలోని పెద్ద యొకరు, "ఏమమ్మా, ఈ లంబాడీ వేషమేమి? మనకు బట్టలు కరవా?" అనిరి. అందరును నవ్విరి. బాలిక లోనికి పోయి మార్చుకొని వచ్చెను. ఆ పందిటికి నీళ్లు మోయుటకు దగ్గరి తండానుండి వచ్చిన సుగాలీ స్త్రీలు ఇద్దరు బిందెలతో అచ్చటనే నిలిచియుండిరి. వారిలో పెద్దది అద్దాల లంగాయే తొడిగియుండెను. ఆ మాట ఆమె వినెను. మేమామె ముఖమును చూచితిమి. చూచియు నోరు విప్పమైతిమి.

మన సరిహద్దు దాటినంతనే బళ్లారిసీమయందలి సండూరులో ఆ కుట్టుపనికే భౌగోళికపు గుర్తింపు వచ్చినది. పట్టణపు అంగళ్లలో దానికి వేలు పోయుచున్నారు. కాని దానిని కనిపెట్టిన స్త్రీ బస్సెక్కినచో ప్రక్కవారు జరిగి కూర్చుందురు. అందుచేతనే తండాలలో పడుచుపిల్లలు దానిని విడిచి చీరలు కట్టుచున్నారు. మా మేనల్లుడు పంచె విడిచినట్లే. అతనిని నవ్విన కార్యాలయమువారిపై కోపగించుకొన్న మేము, నీళ్లు మోసిన యామెను నవ్విన పందిటిలో కూర్చుండి భోజనము చేసితిమి. అపవాదము బట్టకు సోకుననుట పైమాట. నిజముగా సోకునది మనిషికి. మనిషి యందు మనకుగల చులకనయే బట్టమీదికి దిగును. బట్టమీదినుండి మరల మనిషిని చుట్టుకొనును.

ఇందుకు విరుద్ధమైన నిదర్శనము మన ముంగిటనే గలదు. లేపాక్షి వీరభద్రాలయపు కప్పుపై పదునారవ శతాబ్దపు చిత్తరువులున్నవి. ఆ గుడి అచ్యుతదేవరాయల కాలమున విరూపణ్ణ, వీరణ్ణ యను సోదరులు కట్టించినది. 2022లో జిల్లా విభజింపబడగా లేపాక్షియు ధర్మవరమును శ్రీ సత్యసాయి జిల్లాలో చేరినవి గాని, అవి మనకు పరాయివి గావు. ఆ చిత్తరువులలోని స్త్రీల చీరల అంచులను చూచి మనవారు నేటికిని నమూనాలు గీసికొనుచున్నారు. అందలి పురుషుల తలలపై పొడవైన కుళ్లాయి యుండును. ఒంటిపై నిలువుటంగీ, అనగా కబాయి. ఈ రెండు మాటలును పారసీక అరబ్బీ దేశములనుండి వచ్చినవి. ఆ వేషమును అటనుండియే వచ్చినది. విజయనగరపు రాజులు సుల్తానులతో యుద్ధములు చేసిరి, సంధులును చేసికొనిరి. అయినను శత్రువుల వేషమని దానిని రోయలేదు. కొలువునకు తగిన గౌరవవేషమని తొడుగుకొని, దేవుని గుడి కప్పుపైననే వ్రాయించుకొనిరి. దాదాపు అయిదువందల యేండ్లకు పూర్వపువారికి గల నిబ్బరము మనకేల లేకపోవలె?

మరక వన్నెగా మారిన కథయు నొకటి విని ముగింతము. మదరాసు గళ్లబట్ట 1950ల చివరినుండి అమెరికాకు విస్తారముగా పోయెను. ఉతికినప్పుడెల్ల రంగు దిగుచుండుటచే కొనినవారు మొఱపెట్టిరి. అమ్మకందార్లు దాచుటకు యత్నింపలేదు. ఇది చేతి అద్దకము, ఉతికినకొలది రంగులు ఒకదానిలో నొకటి కలిసి క్రొత్త సొగసు వచ్చును, రంగు దిగుట మా హామీ యని ప్రకటించిరి. తప్పుగా నున్నదే గొప్పగా నిలిచెను. బట్ట మారలేదు, దానిని గూర్చిన మాట మారినది. మాట మరకను వేయగలిగినప్పుడు మాటయే దానిని తీయనుగలదు.

కావున ఏదేని వస్త్రమునకు అపవాదము వచ్చినప్పుడు మూడు ప్రశ్నలు వేసికొనవలెనని మా మనవి. ఈ నింద నెవరు పుట్టించిరి, వారికేమి లాభము? ఈ వస్త్రమును చూచి నిజముగా నొచ్చుకొనువారున్నారా? మనము దీనిని విడిచినచో శిక్ష దోషికి పడునా, నిర్దోషికి పడునా? నొచ్చుకొనువారున్నచో వారి యెదుట వినయము చూపవలెను. నింద స్వార్థముచేతనో పరిహాసముచేతనో పుట్టినదైనచో జంకక కట్టుకొనవలెను.

సభవారి యెదుట రెండు కోరికలు. మన కులపు పెండ్లిళ్లలోను సభలలోను ఏ కులమువారి వేషమును ఎత్తి పరిహసింపరాదని పెద్దలు కట్టడి చేయవలెను. మన విద్యార్థి వసతిగృహములలో ఏటికొకదినమైనను బాలురు పంచెయో లుంగీయో కట్టి, అది యెవరు నేసినదో, ఎన్ని పోగులతో నేసినదో తెలిసికొని చెప్పునట్లు ఏర్పాటు చేయవలెను. తెలిసినదానికి సిగ్గుపడుట తక్కువ.

ఆ సుగాలీ సోదరి పేరు మేము నాడు అడిగి తెలిసికొనలేదు. ఆ తరువాత తండాకు పోయి విచారింపగా ఆమె కూలికై వలసపోయినదనిరి. ఆమెకు చెప్పవలసిన క్షమాపణమును ఈ సభాముఖమున చెప్పుకొనుచున్నాము. పంచె మా పెట్టెలోనే యున్నది. మేనల్లుని మేము బలవంతపెట్టము. అడిగిననాడు ఇత్తుము.